కొమ్ముల బండి పైకప్పు

చిన్నసారు ఫోన్ చేసి నన్ను అడిగింది ఒక్క పేజీ.

"మేడమ్, మన పాత ఫోర్క్‌లిఫ్ట్ గురించి ఒక పేజీ రాసిపెట్టాలి. కొత్త గోడౌన్ గేటు దగ్గర దాన్ని నిలబెడుతున్నాం. పక్కన బోర్డు పెడతాం. దాని సంగతి తెలిసినవాళ్లు మీరు తప్ప ఎవరూ మిగల్లేదు" అన్నాడు.

బోయిన్‌పల్లిలోని ఆ కాగితం గోడౌన్‌లో నేను ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. టైపిస్టుగా చేరి, స్టోర్స్ ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. చిన్నసారు ఆ వ్యాపారం మొదలుపెట్టిన పెద్దాయనకు మనవడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. పాత గోడౌన్ పడగొట్టే ముందు సామాను ఖాళీ చేయిస్తుంటే, వెనక షెడ్డులో టార్పాలిన్ కింద ఆ బండి కనిపించిందట. "అసలైన వింటేజ్ మేడమ్! ఊళ్లో ఇంకోటి ఉండదు" అని అతను సంబరపడిపోతున్నాడు. "సరే బాబూ, రాస్తాను" అని ఫోన్ పెట్టేశాను. నా ఉద్యోగంలో చివరి ముప్పై రెండేళ్లూ నేను ఆ షెడ్డు వైపు అడుగు పెట్టలేదని అతనికి తెలిసే అవకాశం లేదు.

మాది చిలకలగూడ. నాన్న గుంటూరు వైపు నుంచి మిషన్ స్కూల్లో మాస్టరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇల్లు స్టేషన్‌కి దగ్గర. ప్లాట్‌ఫాం మీద పార్సెల్ బళ్ల ఇనుప చక్రాలు చేసే చప్పుడు చిన్నప్పుడు మాకు ఇంట్లోకి వినిపించేది. ఈ పేజీ కోసం కంప్యూటర్ ముందు కూర్చుని వెతుకుతుంటే తెలిసింది, ఫోర్క్‌లిఫ్ట్ వంశానికి మూలపురుషుడు కూడా అలాంటి స్టేషన్ బండేనని. వందేళ్లకు పైమాటే, అమెరికాలో ఒక రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల పెట్టెలు మోయడానికి బ్యాటరీతో నడిచే బండి పెట్టారట. తర్వాత ఒక ఫ్యాక్టరీవాళ్లు తమ షెడ్ల మధ్య సరుకు తిప్పుకోవడానికి సొంతంగా ఒక మోటారు బండి కట్టుకుంటే, చూడవచ్చిన ప్రతివాడూ మాకూ ఒకటి చేసిపెట్టమన్నాడట. మొదట్లో అవి సరుకును బెత్తెడెత్తు లేపి, మోసుకెళ్లి, దించేవి. అంతకు మించి వాటికి చేతకాదు. ఆ తర్వాత ముందుభాగాన రెండు నిలువు కమ్మీలు పెట్టి, సరుకు కింద దూర్చే ఇనుప కొమ్ములను గొలుసుతో పైకి లాగే ఏర్పాటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో మోసే మగవాళ్లు కరువై ఈ బళ్లకు గిరాకీ పెరిగింది. రెండో యుద్ధం నాటికి ఒకే కొలతతో చేసిన చెక్క పలకలు, మేం ప్యాలెట్లనేవి, అన్నిచోట్లా వాడకంలోకి వచ్చాయి. దాంతో సరుకును ఒకదానిమీద ఒకటి పేర్చడం తేలికయింది. నేలమీద పరుచుకునే గోడౌన్లు పైకి పెరగడం మొదలుపెట్టాయి.

పైకి పెరిగాక, పైనుంచి పడడం కూడా మొదలైంది. డ్రైవరు తలమీద ఇనుప కమ్మీల కప్పు, కొమ్ముల వెనక సరుకు జారకుండా ఆపే జాలీ, ఈ రెండూ ఆలస్యంగా వచ్చాయి. చాలాకాలం అవి కావాలన్నవాళ్లు పెట్టించుకునేవే తప్ప, తప్పనిసరి కాదు.

ఇంతవరకూ రాసి ఆపేశాను. రెండు రోజులు కుర్చీ దగ్గరికి వెళ్లలేకపోయాను.

మా బండికి ఆ రెండూ ఉండేవి కావు. రెండో యుద్ధం అయిన కొత్తలో పైదేశంలో తయారై, విశాఖ రేవులో కొన్నాళ్లు పనిచేసి, వేలంలో పెద్దాయన చేతికొచ్చిందది. గూడ్సు రైల్లో తెచ్చారని చెప్పేవారు. హమాలీలు దాన్ని కొమ్ముల బండి అనేవాళ్లు. గట్టి రబ్బరు చక్రాలు, రేకు సీటు, చేతి పక్కన రెండు లీవర్లు. నేను చేరేనాటికే దానికి నలభై ఏళ్లుంటాయి. స్టార్టు చేస్తే నా టైపు బల్ల మీద పెన్సిళ్లు కదిలేవి.

దాన్ని నడిపే డ్రైవరుది బోయిగూడ. అప్పటికి ముప్పై అయిదేళ్ల మనిషి. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు దాన్ని, ఒక్క హమాలీ మేస్త్రిని తప్ప. మేస్త్రి పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు, నలభై ఏళ్లుంటాయి, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ పదిమంది హమాలీలను నవ్విస్తూ పని చేయించేవాడు. భోజనాల వేళ డ్రైవరు అతన్ని సీట్లో కూర్చోబెట్టి లీవర్లు నేర్పేవాడు. వాళ్లిద్దరూ టిఫిన్ డబ్బా ఒకటే తెరుచుకుని తినడం నా కిటికీలోంచి చూసేదాన్ని. నన్ను అందరూ టైపమ్మ అనేవాళ్లు.

డ్రైవరు ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి, "టైపమ్మా, జెర ఒక కాయితం కొట్టిస్తవా? బండికి నెత్తి మీద కప్పు కావాలె. మూడు వరసలు దాటి ఎత్తితే కట్టలు ఎనకకు జారుతున్నయ్. నా నెత్తి మీదికే వస్తయ్" అన్నాడు.

ఇంగ్లీషులో టైపు చేసి ఇచ్చాను. సంతకం పెట్టి మేనేజరుగారికి ఇచ్చాడు. మేనేజరుగారు దాన్ని చదివి ఫైల్లో పెట్టమన్నారు. గోడౌన్ ద్వారం పాతకాలం నాటిది, పైన ఇనుప దూలం. కొమ్ములు దించినప్పుడు బండి ముందు కమ్మీలు దూలం కింద జానెడు సందుతో దూరేవి. డ్రైవరు తల వంచుకుని లోపలికి పోయేవాడు. కప్పు వేస్తే దూలానికి తగులుతుంది. దూలం పైకి జరపాలంటే గోడ కొట్టాలి, గోడ కొడితే వారం రోజులు పని ఆగుతుంది. అది మేనేజరుగారి లెక్క. డ్రైవరు ఇంకో రెండుసార్లు కాయితం కొట్టించుకున్నాడు. మూడూ నేనే టైపు చేశాను, మూడూ నేనే ఫైల్లో పెట్టాను.

జూన్ నెల వచ్చింది. బడులు తెరిచే రోజులు కాబట్టి నోటుబుక్కుల కాగితం లారీలమీద లారీలు దిగుతోంది. స్థలం చాలక, నాలుగో వరస ఎత్తమన్నారు మేనేజరుగారు.

"ఎత్తను సార్. మూడు దాంక ఎత్తుత. నాలుగంటే కప్పు పెట్టియ్యుండ్రి, గప్పుడు ఎత్తుత" అన్నాడు డ్రైవరు. తాళంచెవి తీసి జేబులో వేసుకోలేదు, కోపంగా విసిరెయ్యలేదు. బండిలోనే వదిలేసి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

మేనేజరుగారు మేస్త్రిని పిలిచారు. "నీకు నడపడం వచ్చు కదా, ఎక్కు" అన్నారు. ఆ మాట నేను చెవులారా విన్నాను. కిటికీ తెరిచే ఉంది. మేస్త్రి డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "రెండు లారీలే కదన్నా, అయిపోతది తియ్" అంటూ మేస్త్రి నవ్వి ఎక్కాడు.

మొదటి లారీ దించాడు. రెండో లారీలో సగం అయింది. కొమ్ములు పైకి లేపి, కమ్మీలను వెనక్కి వంచాడు. పై కట్ట జారింది. కాగితం కట్ట ఎంత బరువుంటుందో దాన్ని మోసినవాళ్లకే తెలుసు. నాకు వినిపించింది పెద్ద చప్పుడేం కాదు. మంచంమీద పరుపు వేసినట్టు వినిపించింది, అంతే. ఆ తర్వాత డ్రైవరు అరుస్తూ పరుగెత్తడం చూశాను.

మూడో రోజున ఆస్పత్రిలో మేస్త్రి చనిపోయాడు.

మరుసటి రోజు మేనేజరుగారు నన్ను లోపలికి పిలిచి రిపోర్టు చెప్పి రాయించారు. అందులో ఒక వాక్యం ఉంది: హమాలీ మేస్త్రి అనుమతి లేకుండా, తనంతట తానుగా బండి నడపడం వల్ల ప్రమాదం జరిగింది. ఆ మాట దగ్గర నా వేళ్లు ఆగాయి. "ఏమ్మా, స్పెల్లింగ్ తెలీదా?" అన్నారాయన. స్పెల్లింగ్ నాకు తెలుసు. టైపు చేశాను. సాయంత్రం ఆయన ఫైలు అడిగి తీసుకున్నారు. తిరిగి వచ్చినప్పుడు అందులో డ్రైవరు పెట్టుకున్న మూడు కాయితాలూ లేవు. నేను అడగలేదు. ఉద్యోగం పర్మనెంటయి నెల కూడా కాలేదు, నాన్న మంచాన పడి ఉన్నారు, ఇంట్లో సంపాదన నాది ఒక్కదానిదే. కారణాలు అడిగితే ఇవి చెప్పగలను. ఆ ఆదివారం చర్చికి వెళ్లాను. అందరితోపాటు మోకరించాను. ప్రార్థన చెయ్యలేకపోయాను.

డ్రైవరు వారంలో పని మానేశాడు. బండిని షెడ్డులోకి నెట్టారు. తర్వాత రెండేళ్లకు కొత్త బండి కొన్నారు, దానికి పైకప్పు ఉంది. దానికోసం గోడ కూడా కొట్టారు. నాలుగు రోజులే పట్టింది.

ఇదంతా ఒక పేజీలో పట్టదు. అయినా డ్రైవరును అడగకుండా ఒక్క అక్షరం రాయకూడదనిపించింది. బోయిగూడ కట్టెల అడితుల్లో పనిచేస్తున్నాడని ఎప్పుడో విన్నాను. వెళ్లి అడిగితే రెండు గల్లీల అవతల ఇల్లు చూపించారు. డెబ్బై దాటాయి ఇప్పుడు. గుర్తుపట్టాడు.

"టైపమ్మ! ఏందీ గిట్లొచ్చినవ్? అంత మంచిదేనా?" అంటూ కుర్చీ తెచ్చి వేశాడు. కుడి భుజం కిందికి జారి ఉంది. ఆ రోజు తర్వాత మళ్లీ ఏ బండీ నడపలేదట. ముప్పై ఏళ్లు దుంగలు భుజాన మోశాడు. భార్య పోయింది, కొడుకు ఆటో నడుపుతాడు.

బండిని బయటికి తీశారని చెప్పాను. "నడుస్తదా?" అని అడిగాడు.

"లేదన్నా. రంగు వేసి పెడుతున్నారు. మీరొకసారి చూస్తారేమోనని వచ్చాను."

"చూస్త" అన్నాడు. రిపోర్టు సంగతి చెప్పాలనే వెళ్లాను. నోరు తెరవలేకపోయాను. ఆయన టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

చిన్నసారు కారు పంపితే ఆ వారమే ఇద్దరం కొత్త గోడౌన్‌కి వెళ్లాం. గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి ఉంది బండి. పసుపు రంగు మెరుస్తోంది. దానిమీద నాలుగు కమ్మీల మీద నిలిపిన ఇనుప కప్పు ఉంది.

డ్రైవరు దిమ్మె ముందు ఆగిపోయాడు. ముందు ఆయనకు అర్థం కాలేదనుకుంటాను. చుట్టూ తిరిగాడు. చెయ్యి పైకెత్తి కప్పు కమ్మీని పట్టుకున్నాడు.

"గిదెవరు పెట్టిండ్రు?"

చిన్నసారు నవ్వుతూ, "మేమే పెట్టించాం అంకుల్. పైన ఏదో మిస్సయినట్టుంది అన్నాడు వెల్డరు. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతారు కదా, సేఫ్టీ కోసం" అన్నాడు.

"ఇప్పుడు పెట్టిండ్రా?" డ్రైవరు గొంతు పెరిగింది. "నేను మూడు కాయితాలిచ్చిన. మూడు! అడుక్కున్న. అప్పుడు పెట్టనోళ్లు ఇప్పుడు ఖాళీగ నిలవడ్డ బండికి పెడ్తరా? నేను ఎక్కనన్న, వాడు ఎక్కిండు. నేర్పింది నేనే. ఎక్కక నేను బతికిన, ఎక్కి వాడు సచ్చిండు. దీన్ని తీసెయ్యుండ్రి. గిది మా బండి కాదు."

చిన్నసారు బిత్తరపోయి నావైపు చూశాడు. అతనికి ఆ ప్రమాదం గురించే తెలియదు. డ్రైవరు నావైపు చెయ్యి చూపించి, "ఈమెను అడుగు. కాయితాలు కొట్టింది ఈమెనే. అన్నీ ఫైల్ల ఉంటయ్, తీసి చూస్కో" అన్నాడు.

ఇంక దాటవేయడానికి దారి లేదు. "అవి లేవన్నా" అన్నాను. "మేస్త్రి పోయిన మర్నాడే తీసేశారు. మేస్త్రి అనుమతి లేకుండా ఎక్కాడని రిపోర్టు రాశారు. దాన్ని టైపు చేసింది నేనే. మేనేజరుగారు ఎక్కమన్న మాట నేను విన్నాను. విని కూడా టైపు చేశాను."

ఆయన కోప్పడతాడనుకున్నాను. "అనుమతి లేకుండనా?" అని మెల్లగా అన్నాడు. "ఎవడో ఒకడు ఆ కాయితాలు చదువుతడు, అసలు ముచ్చట తెలుస్తది అనుకున్న ఇన్నేండ్లు. నువ్వొక్క మాట చెప్పుంటె నేను పోయి ఎవరి ముందటనన్న నిలవడుతుంటి కదా, టైపమ్మా."

కారు ఎక్కలేదు. మెయిన్ రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను పిలిచాను. తిరిగి చూడలేదు.

చిన్నసారు ఆ రోజంతా నాతోనే కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పించుకున్నాడు. మేనేజరుగారు పోయి చాలాకాలమైంది, పెద్దాయన కూడా లేరు. "మా తాతగారికి తెలుసా మేడమ్?" అని అడిగాడు. "తెలియదనే అనుకుంటాను. కానీ నేను చెప్పలేదు" అన్నాను. కప్పు తీయించేస్తానన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. నా పేజీ చివర నాలుగు వాక్యాలు కొత్తగా రాసిచ్చాను: ఈ బండికి పైకప్పు లేదు. కావాలని డ్రైవరు మూడుసార్లు రాసి అడిగాడు. పెట్టలేదు. మేనేజరు ఎక్కమంటే ఎక్కిన హమాలీ మేస్త్రి దీనిమీదే ప్రాణం పోగొట్టుకున్నాడు.

బోర్డు మీదికి వచ్చేసరికి రెండే మిగిలాయి. పైకప్పు లేదని ఒకటి, ఒక కార్మికుడు ప్రమాదంలో మరణించాడని ఒకటి. "లాయరు ఒప్పుకోలేదు మేడమ్. నేను చాలా చెప్పి చూశాను" అన్నాడు చిన్నసారు ఫోన్లో. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. అతన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. నేను అంతకన్నా తక్కువకే తల వంచాను. ప్రారంభోత్సవానికి రమ్మన్నాడు. వెళ్లలేదు.

నెల తర్వాత డ్రైవరే మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి, "మేస్త్రి పెండ్లాం ఉంది. బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర బిడ్డ ఇంట్ల. నేను ఏడాదికోసారి పోతుంట. నాకు చెప్పినవ్ కదా, ఆమెకు సుత చెప్పు. వస్తవా, రావా?" అన్నాడు.

చెప్పులు వేసుకుని బయల్దేరాను. బస్సులో ఇద్దరం వేరువేరు సీట్లలో కూర్చున్నాం.

మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు. ఆమె గుమ్మంలో కూర్చుని ఉల్లిగడ్డల పొట్టు తీస్తోంది. నాకన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. డ్రైవరు, "వదినే, ఈమె మన గోడౌన్ల టైపు కొట్టేటామె. నీకొకటి చెప్పాలెనంట" అని, పక్కకు తప్పుకున్నాడు.

నేను నేలమీద ఆమె ఎదురుగా కూర్చుని చెప్పాను. మేనేజరుగారు పిలవడం, ఎక్కమనడం, నేను విన్నది, నేను టైపు చేసింది. మధ్యలో ఆగిపోతే ఆమె, "చెప్పు" అంది. అయ్యాక చేతిలోని ఉల్లిగడ్డను గంపలో వేసింది.

"అడగకుండ ఆయన ఒగరి చెంబు సుత ముట్టకపోయేది. నాకెరికే" అంది. "గా మేనేజర్ మా ఇంటికొచ్చి, మీ ఆయనే కావాలని ఎక్కిండమ్మా, తాగిండో ఏమో అన్నడు. మా మామ నమ్మిండు. ఊరోళ్లు నమ్మిండ్రు. నా బిడ్డ పెండ్లప్పుడు సుత ఆ మాట వచ్చింది. డ్రైవరన్న చెప్తె, దోస్తు గనుక అంటుండన్నరు. ఇంట్ల నేనొక్కదాన్నే కాదు కాదని మొత్తుకున్న."

తాగాడన్న మాట నేను టైపు చేసిన రిపోర్టులో లేదు. మేనేజరుగారు అది కూడా అన్నారని నాకు అప్పుడే తెలిసింది. నా ఒక్క వాక్యం మీద ఎవరెవరు ఇంకేం పేర్చారో నేనెన్నడూ ఆలోచించలేదు.

"నన్ను క్షమించమని అడగను అమ్మా" అన్నాను.

"అడగకు" అంది. అని, లోపలికి కేకేసి కూతుర్ని పిలిచింది. యాభై దగ్గరపడ్డ మనిషి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాకు చెప్పింది దీనికి చెప్పు. మొత్తం చెప్పు."

మళ్లీ చెప్పాను. కూతురు గోడకు ఆనుకుని వింటూ ఏడ్చింది. అప్పటికి అల్లుడు మార్కెట్ నుంచి వచ్చాడు. అత్తగారు అతన్ని కూడా కూర్చోబెట్టింది. పక్కింటి ఆమెను కూడా పిలిపించింది.

"ఇప్పుడు వీళ్లకు చెప్పు టైపమ్మా" అన్నాడు డ్రైవరు. ఆ రోజు పొద్దున్నించీ ఆయన నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

కూతురు లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, మొదటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.